గొడుగుల వరస

చేతులు చురుకని నన్ను మొట్టమొదట మెచ్చుకున్న మనిషి గొడుగుల షెడ్డు మేస్త్రి. అంతకుముందు పదిహేనేళ్ళలో ఎవరూ నన్ను దేనికీ మెచ్చుకున్న పాపాన పోలేదు. చదువు అంతంతమాత్రం. పాట ఎత్తుకుంటే పక్కింటావిడ కిటికీ వేసేసుకునేది. బళ్ళో టీచర్లకి నా పేరు నోటికి వచ్చేది కాదు, ‘దాని చెల్లెలు’ అనేవాళ్ళు. ‘అది’ అంటే మా అక్క. నాకంటే నాలుగేళ్ళు ముందు అదే బళ్ళో చదివి, ఉన్న మెప్పంతా మూటగట్టుకుని వెళ్ళిపోయింది. నా వంతుకి ఏమీ మిగల్చలేదు.

పరీక్షలయ్యాక ఆ వేసవిలో అక్కతో పాటు నేనూ షెడ్డుకి వెళ్తానని పట్టుబట్టాను. అమ్మ వద్దంది. రేకుల కింద కూర్చుంటే వడదెబ్బ తగులుతుందంది. అక్కకి తగలదా అంటే, “ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి” అని నన్ను విసుక్కుని పనికి వెళ్ళిపోయింది. అమ్మకి ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పని. నాన్న బస్సు డిపోలో మెకానిక్. పగలంతా ఇంట్లో ఒక్కతే ఏం చేస్తుందిలే, వెళ్ళనీ అన్నాడాయన. ఆయన మాటకి మా ఇంట్లో తిరుగులేదు.

వానలకి ముందు రెండు నెలలే గొడుగుల సీజను. షెడ్డులో ఒక పక్క ఆడవాళ్ళు మిషన్ల మీద ముక్కలు కలిపి గుడ్డలు కుట్టేవాళ్ళు. రెండో పక్క, గోడ వారగా పొడవాటి బల్ల ముందు మా వీధి ఆడపిల్లలం. గుడ్డని ఊచలకి బిగించడం మా పని. గొడుక్కి ఎనిమిది ఊచలు. ఒక్కో ఊచ కొసకి చిన్న తొడుగు వేసి సూదీదారంతో కట్టాలి, మధ్యలో ఊచ మడతపడే చోట ఇంకో ముడి వెయ్యాలి. ముడి వదులైతే మొదటి గాలికే గుడ్డ ఊడొచ్చేస్తుంది. అన్నీ కట్టాక ఒకసారి ఫట్‌మని విప్పి, బిగువు చూసి, ముడిచి పక్కన పెట్టాలి.

అసలు సంగతంతా ఆ విప్పడంలోనే ఉంది. మా బల్ల దగ్గర గొడుగులన్నీ ఒకేసారి విచ్చుకోవాలి. ముందు కట్టేసినవాళ్ళు గొడుగు ఒళ్ళో పెట్టుకుని, ఇంకా ముడి వేస్తున్నట్టు నటిస్తూ కూర్చోవాలి. అందరివీ అయ్యాక, చివర కూర్చున్న పిల్ల ‘ఊఁ’ అంటుంది. అప్పుడు వరసంతా ఫట్. అటు చివర నిలబడ్డ మేస్త్రికి ఒక నల్లటి అల లేచి పడినట్టు ఉంటుంది తప్ప, ఎవరిది చురుకు చెయ్యో ఎవరిది మందపు చెయ్యో తెలిసే దారే లేదు.

‘ఊఁ’ అనే పిల్లని అందరం మైకు అనేవాళ్ళం. వీధి మొదట్లో అది ఎవరినైనా పిలిస్తే వీధి చివర కుక్కలు లేచేవి. దాని పక్కన అక్క. అక్కకి ఇటుపక్క చీమ, అంటే అందరికంటే పొట్టిపిల్ల, నోరు విప్పితే మాత్రం కుట్టినట్టే ఉండేది. ఆ తర్వాత కవలలు. ఒకరు మొదలుపెట్టిన మాట రెండోవాళ్ళు పూర్తిచేసేవాళ్ళు. చిట్టచివర నేను.

మొదటి రోజే మైకు నాకు పద్ధతి చెప్పింది. కిందటేడు ఒక పిల్ల తన చురుకంతా మేస్త్రికి చూపించిందట. మిగతావాళ్ళకి ఏమొచ్చిందని ఆయన అందరికీ రోజుకి కట్టాల్సిన గొడుగుల లెక్క పెంచేశాడట. అందుకోలేని ఇద్దరిని పొమ్మన్నాడట. “ఆ పిల్ల నెల తిరక్కుండా పని మానేసి పోయింది. లెక్క మాత్రం మానలేదు” అంది మైకు. అని, మిగిలిపోయిన గొడుగు గుడ్డలోంచి ఒక పేలిక చింపి నా జడకి కట్టింది. వరసలో అందరి జడలకీ అదే పేలిక. అది కట్టుకుని మేం వీధిలో నడుస్తుంటే బడి పిల్లలు తలతిప్పి చూసేవాళ్ళు. మచ్చపడ్డ గొడుగులు మాకే ఇచ్చేసేవాళ్ళు గనక, ఎండలో అవి వేసుకుని ఆరుగురం పక్కపక్కన నడిచేవాళ్ళం. జన్మలో మొదటిసారి నేను ఒక గుంపులో ఉన్నాను. నాకది చాలా నచ్చింది.

చిక్కల్లా నా చేతులతోనే వచ్చింది. రెండు రోజుల్లోనే వాటికి పని పట్టుబడిపోయింది. నేను చూడకపోయినా సూది ఎక్కడికి వెళ్ళాలో దానికే తెలిసేది. మిగతావాళ్ళు సగంలో ఉండగానే నాదైపోయేది. ఇక ఎదురుచూడాలి. ఒళ్ళో గొడుగు, ఖాళీ చేతులు, నెత్తిన కాలుతున్న రేకులు. పైగా మా వరస ప్రతిసారీ అక్క దగ్గరే ఆగేది. ఇదేం విడ్డూరమని లోలోపల విసుక్కునేదాన్ని. బళ్ళో అంత తెలివైన మనిషి ఇక్కడ నత్తనడక నడుస్తోందేమిటని కొంచెం సంతోషం కూడా వేసేది. ఉన్నమాట చెప్పుకోవాలి కదా.

ఒకరోజు ఆగలేకపోయాను. అయిపోగానే విప్పేశాను. ఆ పెద్ద షెడ్డులో ఒక్కటే ఫట్. అందరూ తలెత్తారు. ఆ చప్పుడు నాకెంత బాగుందో ఇప్పటికీ చెప్పలేను. నేను చేశాను, నేనొక్కదాన్నే చేశాను అని అందరికీ వినిపించిన చప్పుడు అది. మైకు నా వైపు చూసి నెమ్మదిగా, చెయ్యి జారిందా అంది. జారిందన్నాను. మర్నాడు మళ్ళీ జారింది. మూడోసారి జారేటప్పటికి మేస్త్రి నా వెనకే నిలబడి ఉన్నాడు. గొడుగు అందుకుని ముళ్ళు లాగి చూశాడు. ఒక్కటీ కదల్లేదు.

“చెయ్యంటే ఇదీ” అన్నాడు. “ఎవరి పిల్లవే నువ్వు?”

‘దాని చెల్లెల్ని’ అనలేదు నేను. నా పేరు చెప్పాను.

మర్నాటి నుంచి నాకు వేరే స్టూలు వేశారు. షెడ్డు ముందు భాగంలో, ఫ్యాను కింద, బల్లకి ఎదురుగా. నేను కట్టిందల్లా కట్టినట్టు విప్పుకోవచ్చు. మధ్యాహ్నం దాకా రాజ్యం నాదే. అన్నాల వేళకి గిన్నె పట్టుకుని వరస దగ్గరికి వెళ్తే, కవలలు కూర్చున్నచోటే కాస్త విచ్చుకుని కూర్చున్నారు, అంతే. నా చోటు లేకుండా పోయింది. చీమ మాత్రం తలెత్తకుండానే, “ఎక్స్‌ప్రెస్సు రైళ్ళు చిన్న స్టేషన్లలో ఆగవమ్మా” అంది. అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు గానీ, రమ్మనీ అనలేదు.

ఆ పైన నాతో ఎవరూ మాట్లాడలేదు. కొత్త వారానికి కొత్త రంగు పేలికలు చింపుకున్నారు, నాకు కట్టలేదు. నేను మొండిదాన్ని. పిల్లల గొడుగుల ఎర్రగుడ్డలో ముక్క తీసి నాకు నేనే కట్టుకున్నాను. సాయంత్రాలు వాళ్ళు ముందు నడిచేవాళ్ళు, నేను వెనక. వాళ్ళ మధ్యలో అక్క. మైకు దాని చెయ్యి తన చంకలో ఇరికించుకుని, చెవిలో ఏదో చెబుతూ నడిపించేది. సొంత చెల్లెల్ని నేను వెనకుంటే అది పరాయిదాని చెయ్యి పట్టుకుని ఊరేగుతోందని నాకు ఒళ్ళు మండిపోయేది. ఇంటికొచ్చాక అక్కతో మాట్లాడటం మానేశాను. ఒకే మంచం మీద అటు మొహం పెట్టి అది, ఇటు మొహం పెట్టి నేను.

బల్ల దగ్గర కూర్చున్నన్నాళ్ళూ నాకు కనిపించనిది స్టూలు మీద నుంచి కనిపించింది. ఎదురుగా కూర్చున్నవాళ్ళకి బల్ల కింద ఎవరి ఒళ్ళో ఏముందో కనిపిస్తుంది. ఒక మధ్యాహ్నం చీమ తను పూర్తిచేసిన గొడుగు బల్ల కిందనుంచి అక్క ఒళ్ళోకి తోసి, అక్క ఒళ్ళో సగంలో ఉన్నదాన్ని తను లాక్కుంది. మైకు ఊఁ అంది. అందరివీ విచ్చుకున్నాయి. తర్వాత చూస్తే మైకూ అదే చేసింది. తొడుగుల డబ్బా అక్క మోచేతి పక్కనే ఉన్నా, అక్క చెయ్యి బల్లంతా తడుముతుంటే, మైకు మాటల్లో పడ్డట్టే పడి డబ్బాని ఆ చేతి కిందికి జరిపింది. గొడుగు సగంలో వదిలేసి అలాగే చూస్తూ కూర్చున్నాను. నన్ను చూసి మేస్త్రి, ఏమ్మా ఎండదెబ్బా అన్నాడు.

ఆ సాయంత్రం డాబా మీద ఆరిన బట్టలు తీస్తున్నాం. అక్క ఎదురుగా తీగ మీదున్న చీర తీసింది. పక్క తీగ మీదున్న నాన్న చొక్కా వదిలేసి వెళ్ళబోయింది. నేను కదలకుండా దాని పక్కన నిలబడి చెయ్యి ఊపాను. అది చూడలేదు.

“ఎన్నాళ్ళ నుంచి?” అన్నాను.

బట్టల మూట గుండెకి అదుముకుంది. “పక్కలు పోయాయే” అంది. “ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది. ఇప్పుడు నీ మొహం కనిపిస్తోంది. నీ చెవులు కనిపించడం లేదు.”

“అత్తకి వచ్చినట్టా?”

“అత్తకి వచ్చినట్టే.”

అత్త అంటే నాన్న చెల్లెలు. తాతయ్య వాళ్ళింట్లో వెనక గదిలో ఉంటుంది. వేళకి అన్నం పెడతారు, తల దువ్వుతారు, మంచిచీరే కడతారు. బయటికి మాత్రం తీసుకురారు. మేం వెళ్ళినప్పుడు మా మొహాలు తడిమి, ఎంత పెద్దవాళ్ళయ్యారే అనేది, కిందటిసారి అన్న మాటే మళ్ళీ. ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే ఎవరూ చెప్పకుండానే గోడవైపు తిరిగి కూర్చునేది. తిరుగు బస్సెక్కాక నాన్న ఇంటిదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చునేవాడు.

అక్క చెప్పుకుంటూ పోయింది. అమ్మకి తెలుసట. అందుకే కంచం పక్కన గ్లాసు ఎప్పుడూ ఒకే చోట పెడుతుందట. వరసలో అందరికీ తెలుసట. సూది పోయినా, దారం పోయినా వాళ్ళే చూసుకుంటారట. ఆ సీజను గడిచిపోతే అక్క మైకు వాళ్ళ పిన్ని నడిపే టెలిఫోను బూత్‌లో కూర్చోబోతోందట, చూపుతో పెద్ద పని లేని చోట. అదొక్కటీ కుదిరితే, నాన్నకి తెలిసేసరికి తన కాళ్ళ మీద తను నిలబడి ఉంటుంది. ఈలోపు షెడ్డులోంచి పొమ్మంటే ఎందుకన్నారని నాన్న అడుగుతాడు. అడిగితే అత్త పక్కన ఇంకో మంచం పడుతుంది.

అంటే మా ఇంట్లో తెలియంది నాకూ నాన్నకే. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. “ఊరందరికీ చెప్పుకున్నావు, నాకు చెప్పలేదేం?”

“నీ నోట్లో నువ్వుగింజ నానదు కదే పిల్లా” అంది. ముందుకి తడుముకుంటూ నా ఎర్ర పేలిక సరిచేసింది. “నువ్వు ఒక్కదానివే విప్పినప్పుడల్లా, అదుగో మా చెల్లి అని మైకుతో అనేదాన్ని. వాళ్ళకి ఒళ్ళు మండేది గానీ, నాకు బాగుండేది.”

నేను ఆగి ఉండాల్సిందని అది అనలేదు. అని ఉంటే పోట్లాడేదాన్ని. చెయ్యి చురుగ్గా ఉండటం నేరమని నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. కానీ నాకో మాట చెప్పి ఉంటే ఏమయ్యేదా అని మాత్రం ఇన్నేళ్ళలో చాలాసార్లు అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే, ఇక నుంచి నేనూ అందరికోసం ఆగుతానని మైకుతో చెబుదామని వెళ్ళేసరికి మేస్త్రి ముందే వచ్చి బల్ల ముందు నిలబడి ఉన్నాడు. మబ్బులు తొందరగా వచ్చేట్టున్నాయట, దుకాణాలవాళ్ళు ప్రాణం తీస్తున్నారట. ఇక మీద అందరూ స్టూలు మీది పిల్ల ఎంత కడితే అంత కట్టాలి. కట్టలేనివాళ్ళు ఇంటికి పోవచ్చు, వేరేవాళ్ళని పెట్టుకుంటాను అన్నాడు. మైకు మొదటిసారి గొంతెత్తకుండా మాట్లాడింది, అందరి చేతులూ ఒకలా ఉంటాయా అని. చిన్నపిల్ల, నిన్నగాక మొన్న వచ్చింది, దాని చేతికి కుదిరింది మీకెందుకు కుదరదని ఆయన అడిగాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రోజంతా స్టూలు మీద నెమ్మదిగా కట్టాను. వేసిన ముడి విప్పి మళ్ళీ వేశాను. చేతులు నా మాట వినక సతాయిస్తుంటే ఒళ్ళో పెట్టి అణుచుకున్నాను. చేతకానట్టు నటించడం ఎంత కష్టమో ఆ పని చేతనైనవాళ్ళకే తెలుస్తుంది. వరసలోవాళ్ళు చూస్తూనే ఉన్నారు. అన్నాల వేళ కవలలు పక్కకి జరిగి కొంచెం చోటిచ్చారు. చీమ తన గిన్నెలోంచి ఒక ముద్ద తీసి నా గిన్నెలో పడేసి, “స్టేషన్ వచ్చింది, దిగు” అంది. నేను అన్నం తినలేకపోయాను.

మేస్త్రి వెర్రివాడేం కాదు. అన్నాలయ్యాక నా స్టూలు తీయించేసి నన్ను మళ్ళీ బల్ల దగ్గర కూర్చోబెట్టాడు, అక్కకీ చీమకీ మధ్యన. తను ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు.

“ఒక్క గొడుగు కట్టండి అందరూ” అన్నాడు. “ఎవరిది అయితే వాళ్ళు విప్పండి. ఎవరూ ఎవరికోసం ఆగక్కర్లేదు.”

ఆయన కోపంగా అనలేదు. మామూలుగానే అన్నాడు. మిషన్లు కూడా ఆగినట్టున్నాయి, లేకపోతే నాకే వినిపించలేదో. ఎదురుగా ఆయన కళ్ళు మా చేతుల మీదే ఉన్నాయి. ఒకరిది ఒకరికి తొయ్యడానికి లేదు.

నాది ముందే అయిపోయింది. ఎంత ఆపినా అయిపోయింది. ముడిచి ఒళ్ళో పెట్టుకున్నాను. తర్వాత చీమది అయింది. అదీ విప్పలేదు. కవలలవి అయ్యాయి. మైకుది అయింది. మైకు ఊఁ అనలేదు. ఐదుగురం ఒళ్ళో గొడుగులు పెట్టుకుని బల్లకేసి చూస్తూ కూర్చున్నాం. అక్క ఐదో ఊచ దగ్గరుంది. దాని చేతిలోంచి సూది జారింది. బల్ల మీదే, దాని మోచేతి పక్కనే పడింది. అక్క ముందుకి వెతుకుతోంది. వేళ్ళు అటు వెళ్ళి, ఇటు వచ్చి, సూది పక్కనుంచే మళ్ళీ అటు వెళ్ళాయి. నా చెయ్యి చాస్తే అందుతుంది. మేస్త్రి నన్నే చూస్తున్నాడు.

“నీదయిందిగా అమ్మాయ్, విప్పు” అన్నాడు.

“ఇంకో ముడి ఉందండి” అన్నాను.

ఆయన ఒక్కొక్కరి ఒళ్ళోకీ చూసుకుంటూ వచ్చాడు. అందరి చేతులూ ఖాళీ. కదులుతున్నవి అక్క చేతులు మాత్రమే. ఏం జరుగుతోందో ఆయనకి అర్థమవుతోందని మాకూ అర్థమవుతోంది. అయినా ఎవరూ విప్పలేదు. మైకు చెంపల మీద చెమట ధారలు కట్టింది.

అప్పుడు అక్క వెతకడం మానేసింది. గొడుగు పట్టుకుని లేచి నిలబడింది. ఫట్‌మని విప్పింది.

నాలుగు ఊచలు బోడిగా ఉన్నాయి. గుడ్డ ఒక పక్క వేలాడుతోంది. దాన్ని అలాగే పైకెత్తి పట్టుకుని, మేస్త్రి ఎటున్నాడనుకుందో అటు చూస్తూ, “అందరికంటే ముందు నాదే అయింది” అంది.

ఎవరూ నవ్వలేదు. మేస్త్రి లేచి వచ్చి గొడుగు తన చేతిలోకి తీసుకుని ముడిచాడు. అక్క మొహం ముందు చెయ్యి ఆడించి చూశాడు. తర్వాత ఆ చేతిని పక్కకి తీసుకెళ్ళి చూశాడు. సూదులతో పనమ్మా, రేపటి నుంచి రావద్దు అన్నాడు. ఇంట్లోవాళ్ళకి చెప్పమన్నాడు, చెప్పకపోతే తప్పన్నాడు. మిగతా మధ్యాహ్నమంతా అక్క తలుపు దగ్గర గట్టు మీద కూర్చుని మా పని అయ్యేదాకా ఆగింది. కొత్త లెక్కని మేస్త్రి ఆ సాయంత్రమే సగం తగ్గించాడు. అక్క లేని వరసలో ఆ సగం లెక్కని మేం అందరం అందుకోగలిగాం.

అన్నం తినేటప్పుడు అక్కే చెప్పింది. “నన్ను మాన్పించారు నాన్నా. కళ్ళు.” ఆ ఒక్క మాటే. నాన్న కలిపిన ముద్ద కంచంలో వదిలేశాడు. అమ్మ తలెత్తలేదు. ఆయన లేచి చెయ్యి కడుక్కుని వచ్చి, అక్క దగ్గరికి కాదు, నా దగ్గరికి వచ్చాడు. నన్ను గోడకేసి చూడమన్నాడు. నా చెవి పక్కన వేళ్ళు పెట్టి, “ఎన్ని?” అన్నాడు.

“రెండు.”

“ఇటు?”

“రెండు.”

ఆయన అక్కడే నేల మీద కూలబడిపోయాడు. మా నాన్న ఏడవడం నేను చూసింది అదొక్కసారే. మా చెల్లికీ పంతొమ్మిదిలోనే మొదలైందని పదేపదే అన్నాడు. డాక్టరుకి చూపించారు. ఆయన అత్త గురించి అడిగాడు, వివరాలు విని, మందు లేదన్నాడు. టెలిఫోను బూత్ సంగతి చెప్పడానికి మైకు మా ఇంటికొచ్చింది. నాన్న గుమ్మంలోనే ఆపేసి, కళ్ళు లేని పిల్లని రోడ్డు మీద కూర్చోబెట్టమంటావా అన్నాడు. పగలు ఇక్కడ ఎవరూ ఉండరు, అక్కడైతే నాన్నమ్మ ఉంది, అత్త తోడుంటుంది అన్నాడు. అమ్మ రెండు రోజులు అన్నం మానేసింది. అక్క ఎదురు చెప్పలేదు. దానికదే పెట్టె సర్దుకుంది, తడుముకుంటూ.

దాన్ని బస్సెక్కించిన రోజు వరస వరసంతా వచ్చింది. అక్క కిటికీ పక్కన కూర్చుంది, పక్కన నాన్న. మేం కిటికీ కింద నిలబడ్డాం. అందరం చేతులు ఊపుతున్నాం. అది తిన్నగా ఎదుటి సీటుకేసి చూస్తోంది. మేం దాని పక్కన ఉన్నాం మరి. బస్సు కదలబోతుండగా మైకు బస్టాండంతా అదిరేలా ఊఁ అంది. అందరి చేతుల్లోనూ మచ్చపడ్డ గొడుగులున్నాయి. ఒకేసారి ఫట్‌మన్నాయి.

అక్క తల తిప్పింది. నవ్వింది. మా తలల మీదుగా ఎక్కడో చూస్తూ నవ్వింది. బస్సు వెళ్ళిపోయింది.

నాన్న ప్రతి ఆదివారం నన్ను గోడకేసి చూడమనేవాడు. చెవి పక్కన వేళ్ళు పెట్టేవాడు. ఎప్పుడూ రెండే పెట్టేవాడు. మూడు గానీ ఒకటి గానీ పెట్టడానికి ఆయనకి ధైర్యం చాల్లేదు. కళ్ళు మూసుకున్నా నేను రెండు అనగలను.

బడి తెరిచే ముందు వారం వానలు పట్టాయి. సీజను ఆఖరి మోపు గొడుగులు కడుతున్నాం. అక్క చోట్లో, మైకు పక్కన నేనే కూర్చుంటున్నాను. నా జడకి మళ్ళీ అందరి పేలికే. ఊఁ అనడం ఎప్పుడు మళ్ళీ మొదలైందో ఎవరమూ గమనించలేదు. మేస్త్రి విని కూడా విననట్టే ఉండేవాడు. నాది ముందే అయిపోయేది. ఒళ్ళో పెట్టుకుని ఆగేదాన్ని. ఆగడం అలవాటైపోయింది.

ఆ రోజు మబ్బు బాగా దిగింది. మధ్యాహ్నమే షెడ్డులో చీకటి పడ్డట్టుంది. రేకుల మీద వాన మోత. నా చేతిలోంచి సూది జారింది. ఎదురుగా చూశాను, లేదు. ఒళ్ళో చూశాను, లేదు. బల్ల మీద చేత్తో తడిమాను. మబ్బు వల్ల అనుకున్నాను. ఆ తర్వాత కూడా చాలాసార్లు మబ్బు వల్లే అనుకున్నాను.

మైకు మాటల్లో పడ్డట్టే పడి, నా మోచేతి పక్కనుంచి సూది తీసి నా చేతిలో పెట్టింది. నా మొహంకేసి చూడలేదు. చీమ మాట ఆపేసింది. కవలలు ఆగారు. ఒళ్ళో గొడుగులు పెట్టుకుని అందరూ బల్లకేసి చూస్తూ కూర్చున్నారు. నాకు ఇంకా మూడు ఊచలున్నాయి.

“నిదానంగా కట్టు” అంది మైకు. “ఎవరికీ తొందరేం లేదు.”